అట్టపెట్టెలో రాకాసి బల్లి

'సోమవారం ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. పిల్లల్ని తయారుచేసి పంపగలరు.'

స్కూలు వాట్సప్ గ్రూపులో ఈ కబురు ఎక్కువగా శుక్రవారం రాత్రే వస్తుంది. అదీ అమ్మ పోపు పెడుతున్నప్పుడు, నాన్న అప్పుడే చెప్పులు విప్పుతున్నప్పుడు. కృష్ణుడి కిరీటం కిందటేడే విరిగిపోయింది. భగత్‌సింగ్ టోపీ మేనమామ కొడుకు పట్టుకెళ్లాడు. గాంధీతాతను చేద్దామంటే గుండుకు వాడు ఒప్పుకోడు. 'మరి ఏం వేషం వేస్తావురా?' అని అడిగితే ఆరేళ్ల బుడతడి నోట్లోంచి ఊడిపడే మాట ఒక్కటే. 'డైనోసార్!'

నగరాల్లో అయితే అద్దె దుకాణాలున్నాయి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. తోకా పళ్లూ గోళ్లూ అన్నీ కుట్టేసిన ఫోమ్ వేషాలు, చిన్న ఫ్యానుతో గాలి నింపుకుని ఉబ్బే వేషాలు. తీరిక లేని ఇంటికి అదే దారి అయితే తప్పుపట్టేదేమీ లేదు. కానీ మన ఎండలకు ఆ ఫోమ్ లోపల పిల్లాడు పది నిమిషాల్లో తడిసి ముద్దవుతాడు. రోజుకొకరు వేసుకునే వేషం... ఉతికారో లేదో వాసనే చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా అందులో వాడు చేసింది ఏమీ ఉండదు. జిప్పు కూడా అమ్మే వెయ్యాలి!

అట్టపెట్టె సంగతి వేరు. ఇవాళ ఆన్‌లైన్‌లో చెంచా కొన్నా ఒక పెట్టెలో పెట్టి పంపుతున్నారు. మంచం కింద, అటక మీద నాలుగు ఖాళీ పెట్టెలు లేని ఇల్లుండదు. వాటికి తోడు మైదా, పాత పేపర్లు, రెండు మూరల నవారు పట్టీ, ఓ ఆదివారం. అంతే, రాకాసి బల్లి పుడుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సివిల్ ఇంజినీరు. రెండేళ్ల కిందట కొడుకు కోసం మూడు రాత్రులు మేలుకుని టి.రెక్స్ వేషం చేశారు. నిజంగానే గొప్పగా కుదిరింది. దవడ తెరిచి మూసేలా లోపల తాళ్లు కూడా పెట్టారు. పిల్లాడు ముట్టుకోబోతే 'చెయ్యి తియ్, తడారలేదు' అనేవారు. పోటీ రోజున తేలిందేమంటే... ఆ వేషంలో వాడు కూర్చోలేడు. తల బాగా పైకెత్తితే తప్ప ముందేముందో కనిపించదు. వరసలో గంటసేపు నిలబడ్డాక 'ఒకటికి' వెళ్లాలన్నాడు. వేషం విప్పడం టీచర్లెవరికీ చేతకాలేదు. స్టేజీ ఎక్కేసరికి వెక్కి వెక్కి ఏడుపు. మూడో బహుమతి వచ్చింది. అది ఆ పిల్లాడికి వచ్చిందా, నాన్నకు వచ్చిందా అన్నది ఇప్పటికీ మా లిఫ్టులో చర్చే.

అందుకే కత్తెర పట్టుకునే ముందే మూడు సంగతులు చూసుకోవాలి. వాడు దాంతో కూర్చోగలగాలి, కాకపోతే క్షణంలో తీసి పక్కన పెట్టుకోగలగాలి. ముందున్న మెట్లు కనిపించాలి. విప్పుకోవడం వాడికే రావాలి. ఈ మూడూ కుదిరితే పళ్లు వంకరగా ఉన్నా ఫరవాలేదు.

మన గడ్డ మీది బల్లి

డైనోసార్ అనగానే పిల్లలందరూ టి.రెక్సే అంటారు. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' చలవ అది. కానీ టి.రెక్స్ ఉత్తర అమెరికాది. మనకు సొంత రాకాసి బల్లులే ఉండగా అంత దూరం పోవడమెందుకు? ప్రాణహిత - గోదావరి లోయ రాళ్లలో వాటి ఎముకలు కుప్పలుగా దొరికాయి. తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఒక జీవికి 1988లో పి.యాదగిరి అనే మన భూగర్భ శాస్త్రవేత్త 'కోటాసారస్ యామనపల్లియెన్సిస్' అని పేరుపెట్టారు. 'కోట' అనేది ప్రాణహిత ఒడ్డున ఉన్న ఒక ఊరు. అక్కడి రాతిపొరలకూ అదే పేరు. ఆ ఊరూ, యామనపల్లీ రెండూ కలిసి శాస్త్ర గ్రంథాలకెక్కాయన్నమాట! దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పోటీకి ముందు పిల్లాణ్ని తీసుకెళ్లి చూపిస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

ఈ కోటాసారస్ పొడుగు మెడ, పొడుగు తోక ఉన్న శాకాహారి. దాదాపు ముప్ఫై అడుగులుండేది. ఇంచుమించు 18 కోట్ల ఏళ్ల కిందటిది. టి.రెక్స్ అంతరించి ఆరున్నర కోట్ల ఏళ్లు దాటింది. లెక్క వేయండి... కాలంలో టి.రెక్స్‌కు కోటాసారస్ కన్నా మనమే దగ్గర! ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, మీ అబ్బాయి పోటీ సంగతి మరిచిపోయి పదిమందికి చెప్పుకొస్తాడు.

అదే లోయలో దొరికిన మరొకటి బరాపాసారస్. బెంగాలీలో 'బరా పా' అంటే పెద్ద కాలు. దాని తొడ ఎముక ఒక్కటే అయిదున్నర అడుగులు, అంటే నాన్నంత! 1961లో రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాదిలో తవ్వకాలు మొదలయ్యాయి. అందుకని 1975లో పేరు పెట్టినప్పుడు ఆయన పేరు కలిపి 'బరాపాసారస్ టాగోరై' అన్నారు. కవి పేరున్న రాకాసి బల్లి మనదే. దాన్ని కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టారు.

'కాదు, నాకు మాంసం తినేదే కావాలి' అని మొండికేస్తే గుజరాత్‌లో దొరికిన రాజాసారస్ ఉంది. నర్మద పేరు కలిపి 2003లో నామకరణం చేశారు. తల మీద చిన్న కొమ్ము. దాని నడక నేర్పడానికి సినిమాలక్కర్లేదు, పెరట్లో కోడిని చూపిస్తే చాలు. పక్షులన్నీ ఆ రెండు కాళ్ల రాకాసి బల్లుల వంశమే. ఈ పూట మీ పొయ్యి మీద ఉడుకుతున్నదీ అదే వంశం మరి!

ఈ వారానికి మాత్రం కోటాసారస్‌నే చేద్దాం. అందుకు ఊరి అభిమానం ఒక్కటే కారణం కాదు. పొడుగు మెడ బల్లి అయితే తలా ముఖమూ కప్పక్కర్లేదు. జాతరల్లో బుట్టబొమ్మల్నీ కీలుగుర్రాల్నీ చూసుంటారు. కీలుగుర్రంలో మనిషి నడుము చుట్టూ గుర్రం ఉంటుంది, పైన మనిషి హాయిగా గాలి పీలుస్తుంటాడు. మన వేషం కట్టు సరిగ్గా అదే.

పెట్టెకు కాళ్లొస్తాయి

పిల్లాడి నడుముకు రెండు పక్కలా బెత్తెడు ఖాళీ ఉండేంత పెట్టె చూడండి. కింది మూతలూ పై మూతలూ కోసేస్తే నాలుగు గోడల గొట్టం మిగులుతుంది. కిరాణా పెట్టెలు సాధారణంగా మూడు పొరల అట్టవి, అవి చాలు. టీవీలూ ఫ్రిజ్‌లూ వచ్చే అయిదు పొరల అట్ట గట్టిదే కానీ పిల్లల భుజాలకు బరువు. కోయడానికి మీ మణికట్టు కూడా నొప్పెడుతుంది. మొత్తం వేషం కిలో దాటకూడదని గుర్తుపెట్టుకోండి.

అట్టను అంచు వైపు నుంచి చూస్తే లోపల అలలు అలలుగా సన్నటి గొట్టాలు కనిపిస్తాయి. కిటుకంతా అక్కడే ఉంది. అట్ట ఆ గొట్టాలు పోయే దిక్కులో నిలబెట్టి చుడితే చాపలా గుండ్రంగా తిరుగుతుంది. అడ్డంగా చుట్టబోతే విరిగి మడతలు పడుతుంది. పొట్ట గుండ్రంగా రావాలంటే గొట్టాలు నిలువుగా ఉండేలా రెండు అట్టలు తీసుకుని, చపాతీ కర్ర మీద నాలుగుసార్లు దొర్లించి, పెట్టెకు రెండు పక్కలా విల్లులా అతికించండి. మడత తిన్నగా రావాల్సిన చోట ఇంకు అయిపోయిన రీఫిల్‌తో స్కేలు పెట్టి గట్టిగా గీత గీస్తే చాలు, బుద్ధిగా వంగుతుంది.

కట్టర్ మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. గీతలు గీయడం, జిగురు రాయడం, పేపర్లు చింపడం పిల్లలవి. ఈ పంపకం ముందే చెప్పేస్తే పేచీ ఉండదు.

మెడ ఇలా చేయండి. అట్ట మీద మెడ బొమ్మ గీసి, ఒకేలాంటివి రెండు కోయండి. వాటి మధ్య మూడు వేళ్ల వెడల్పు అట్ట పట్టీని నిలబెట్టి అతికిస్తే బోలు మెడ వస్తుంది. తోకా ఇంతే, కాకపోతే చివరికి సన్నబడాలి. రెండడుగుల మెడ ముందుకు వేలాడితే పెట్టె మొత్తం ముందుకు ఒరుగుతుంది కదా? అక్కడే తోక అక్కరకొస్తుంది. అసలు జీవిలోనూ మెడ బరువును తోక తూచేది. చీపురు కర్ర మీద వేషాన్ని నిలబెట్టి చూడండి. ముందుకు వాలుతుంటే తోక లోపల గుప్పెడు కందిపప్పు పోసిన పొట్లం ఒకటి టేపుతో అంటించండి. తక్కెడ సరిపోతుంది.

తోక నేల మీద ఈడ్చుకుంటూ పోకూడదు. పాత పుస్తకాల్లో బొమ్మలు అలాగే ఉండేవి. కానీ శిలాజాలుగా మిగిలిన అడుగుజాడల పక్కన తోక రాసుకుపోయిన గీతలు చాలా అరుదు. అంటే తోకను గాల్లోకి ఎత్తిపెట్టే నడిచేవన్నమాట. శాస్త్రం సంగతి అటుంచినా, నేల మీద తోక ఉంటే వెనక వచ్చే వివేకానందుడు తొక్కుతాడు, ఝాన్సీరాణి తట్టుకుని పడుతుంది. మోకాలి ఎత్తు నుంచి కిందకు రానివ్వకండి.

మెడనూ తోకనూ పెట్టెకు శాశ్వతంగా అతికించేయకండి. సోమవారం పొద్దున స్కూటరు మీద పిల్లాడు, బ్యాగు, క్యారేజీ, మూడడుగుల పెట్టెకు ముందూ వెనకా మరో నాలుగడుగులు... ఊహించుకోండి! పెట్టెలో గాట్లు పెట్టి, మెడ అడుగున ఉన్న అట్ట నాలుకలు అందులో దూర్చి, స్కూల్లో టేపు వేస్తే సరి. ఆ టేపు చుట్ట బ్యాగులో పెట్టడం మరిచిపోవద్దు.

భుజాలకు సుతిలి తాడు వాడొద్దు, కోసుకుపోతుంది. నవారు పట్టీ గానీ పాత చున్నీ గానీ మేలు. పట్టీలు వీపు మీద కత్తెరలా దాటితే జారవు. పట్టీ దూర్చిన రంధ్రం దగ్గర అట్ట చిరక్కుండా లోపల ఓ పాత షర్టు గుండీ పెట్టి ముడేయండి. వెనక కాళ్లు వాడివే, పాత మట్టిరంగు ప్యాంటు తొడిగితే సరిపోతుంది. ముందు కాళ్లకు రెండు అట్టముక్కలు పెట్టె ముందు తాడుతో వేలాడదీయండి. నడిచినప్పుడల్లా అవీ ఊగుతూ నడుస్తున్నట్టే ఉంటాయి.

ఇక చర్మం. రెండు చెంచాల మైదాను చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసుడు నీళ్లలో పోసి తిప్పితే జిగురు తయారు. పోస్టర్లు అంటించేవాళ్లూ బైండింగ్ చేసేవాళ్లూ పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలుపుతారు. పిల్లల చేతులు పడే జిగురులో దాని ఊసే వద్దు, అది విషం. మన బల్లి బతికేదే వారం! పేపర్లను కత్తిరించొద్దు, చింపండి. చిరిగిన అంచు కలిసిపోయి కనిపించదు. జిగురు పల్చగా, ఒక్క వరసే వేయండి. అట్టకు ఒకవైపే తడి తగిలితే ఆరేటప్పుడు వంకర తిరుగుతుంది, కాబట్టి లోపలి వైపూ ఒక వరస అంటించాల్సిందే. ఫ్యాను కింద రాత్రంతా ఆరాలి. వానాకాలమైతే ఇంకో పూట కలుపుకోండి. వీపు మీద గడ్డలకు గుడ్ల ట్రే గుంటల్ని కోసి బోర్లిస్తే బాగుంటాయి. ట్రే శుభ్రంగా ఉన్నది ఎంచుకుని ఎండలో పెట్టి వాడండి.

రంగుల దగ్గర వాదన వస్తుంది. అమ్మ ఆకుపచ్చ అంటుంది, వాడు ఊదా అంటాడు. వాడిదే నెగ్గనివ్వండి. చైనాలో దొరికిన ఈకల డైనోసార్ సైనోసారోప్టెరిక్స్ తోక మీద ఎర్రటి చారలుండేవని 2010లో శాస్త్రవేత్తలు చెప్పగలిగారు. అలా రంగు తెలిసినవి బహు కొద్ది. కోటాసారస్ ఊదా రంగులో లేదని ఎవరూ రుజువు చేయలేరు! పోస్టర్ రంగులు లేకపోతే జాజు, సున్నం, పసుపు ఉండనే ఉన్నాయి. కాస్త ఫెవికాల్ కలిపితే యూనిఫాంకు అంటుకోవు. డబ్బా రంగులూ స్ప్రేలూ మాత్రం గదిలో వద్దు.

తల వాళ్లకే వదిలేయండి

అన్నీ చెప్పి తల గురించి చెప్పలేదేమిటని అడుగుతారేమో. కావాలనే అట్టే పెట్టాను. కోటాసారస్ ఎముకలు చాలానే దొరికాయి కానీ పుర్రె దొరకలేదు. పళ్లు దొరికాయంతే. బొమ్మల్లో, నమూనాల్లో మనం చూసే తల దాని చుట్టపక్కాలను చూసి ఊహించి పెట్టిందే. అంటే ఈ వేషంలో తలకు నమూనా లేదు. కాబట్టి అది మీరు చేయకండి. చెప్పుల పెట్టె ఒకటి, నాలుగు గుండీలు, స్కెచ్ పెన్నులు ఇచ్చి పక్కకు తప్పుకోండి. మీ చేతులు దురద పెడతాయి. కళ్లు ఒకటి పైకీ ఒకటి కిందకీ పెడతాడు. ముక్కు రంధ్రాలు చెవుల పక్కన వస్తాయి. కాఫీ తాగుతూ చూస్తూ ఉండండి.

మొన్న మా కాలనీలోని స్కూల్లో పోటీ చూడ్డానికి వెళ్లాను. రెండో తరగతి పాప ఒకతి ఇలాంటి వేషంతోనే వచ్చింది. వాళ్లమ్మ ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుందట. పెట్టె, పట్టీలు అమ్మవి. జిగురు, ఊదా రంగు, తల పాపవి. ఆ తల చూస్తే... నిజం చెప్పాలంటే, అచ్చం ఆవు. చెవులు కూడా పెట్టేసింది! హాల్లో నవ్వులు. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన మైకు పట్టుకుని 'ఏమ్మా, ఇది ఆవు కదూ?' అన్నారు.

పాప తొణకలేదు. 'కాదండీ. ఇది కోటాసారస్. దీని తల ఎవ్వరికీ దొరకలేదు. అందుకే నేను చేశాను' అంది.

మళ్లీ నవ్వారు కానీ ఈసారి నవ్వు వేరు. మొదటి బహుమతి అద్దె నగలతో మెరిసిపోతున్న పద్మావతీదేవికి వెళ్లింది. ఈ పాపకు అందరికీ ఇచ్చే పెన్సిల్ డబ్బాయే దక్కింది. బయటకొచ్చాక చూస్తే మైదానంలో ఆ ఊదా బల్లి పరిగెడుతోంది. వెనక సుభాష్ చంద్రబోసు, ఇద్దరు రైతులు, ఒక టమాటా... 'నాకోసారి, నాకోసారి' అంటూ. పద్మావతీదేవి మాత్రం నగలు లెక్క అప్పజెప్పేదాకా కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు. వాళ్లమ్మను పలకరిస్తే 'బహుమతి రాలేదని ఏడుస్తుందేమో అనుకున్నానండీ, తోక ఊడిందని ఏడ్చింది' అని నవ్వింది. ఊడిన తోకకు టేపు వేయించుకుని పాప అప్పటికే మళ్లీ పరుగందుకుంది.

స్టేజీ మీద రెండు మాటలు చెప్పించడం అన్ని స్కూళ్లలోనూ ఉన్నదే. ఇంగ్లిష్‌లో పది లైన్లు బట్టీ పట్టిస్తే నాలుగోదాని దగ్గర ఆగిపోతారు. ఇలా పొట్టిగా నేర్పి చూడండి: 'నా పేరు కోటాసారస్. మా ఊరు యామనపల్లి. నేను ఆకులు తింటాను. నా వయసు 18 కోట్ల ఏళ్లు. నా ఎముకలు చూడాలంటే హైదరాబాద్ రండి.' నడక మాత్రం ఏనుగులా, నిదానంగా. అరవాల్సిన అవసరం లేదు. ఎలా అరిచేదో మనకు తెలియదు, ఆకులు తినేవాడికి అంత గొంతెందుకు అని సర్దిచెప్పొచ్చు. అయినా అరుస్తాడనుకోండి.

పోటీ అయ్యాక వేషాన్ని వెంటనే పారేయకండి. ఓ నాలుగు రోజులు హాల్లో తిరగనివ్వండి. చెల్లి ఎక్కుతుంది, మెడ వంగుతుంది, ముందు కాలు ఒకటి సోఫా కిందకు పోతుంది. మైదా వాసనకు బొద్దింకలు రాకముందే పట్టీలు, గుండీలు ఊడదీసుకుని దాచుకోండి, తోకలోని పప్పు పొట్లంతో సహా. మిగతాది పాత పేపర్లతో పాటు తూకానికి పోతుంది. తల మాత్రం వాడు ఇవ్వడు. దానికో మేకు చూసుకోండి.